మీ బ్యాలెట్ మీద గన్ లాబీ చెయ్యి ఎంత? ఓటేసే ముందు ఇలా చూసుకోండి

ఫిబ్రవరి వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల మెయిల్‌బాక్సుల్లో పిజ్జా కూపన్ల మధ్య నున్నటి పెద్ద కార్డులు పడడం మొదలవుతుంది. ఒక కార్డు మీద అభ్యర్థి చేతిలో రైఫిల్, పక్కన తుపాకీ హక్కుల సంఘం ఇచ్చిన మార్కు, "ఎన్‌ఆర్‌ఏ ఎ రేటింగ్" అని పెద్ద అక్షరాలు. ఇంకో కార్డు మీద అదే మనిషి మొహం నలుపు తెలుపులో, కింద "గన్ లాబీ మనిషి" అని. ఓటు హక్కు వచ్చిన మొదటి ఏడాది నేను ఈ రెండిటినీ చూడకుండానే రీసైకిల్ డబ్బాలో వేశాను. ఇప్పుడు వేయను. ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో అంటించి, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని వాటి వెనకాల ఉన్నది తవ్వుతాను. రెండు గంటలు పడుతుంది. ఎలా తవ్వాలో చెబుతాను.

నేను టెక్సస్‌లో ఉంటాను కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే. పద్ధతి మాత్రం ఏ రాష్ట్రంలోనైనా పనికొస్తుంది. మీ ఇంట్లో తుపాకీ ఉన్నా, తుపాకీ పేరెత్తితేనే మీకు భయమైనా ఫరవాలేదు. మన తెలుగువాళ్లలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు, రెండు రకాలవాళ్లూ చేసే తప్పు ఒకటే: ప్రైమరీని, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నికను, వదిలేసి నవంబర్ దాకా ఆగడం.

ముందు ఒక హెచ్చరిక. ఓటు పౌరులకే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు అభ్యర్థులకు చందా ఇవ్వచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. హెచ్‌1బీ, ఎఫ్‌1 మీద ఉన్నవాళ్లు చందా కూడా ఇవ్వకూడదు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరు రిజిస్ట్రేషన్ గడికి తొందరలో టిక్ పెట్టి, తర్వాత సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో టెన్షన్ పడేవాళ్లున్నారు. ఆ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

మొదటి పని: బ్యాలెట్ ముందే చేతిలో ఉండాలి

మీ కౌంటీ ఎన్నికల ఆఫీసు వెబ్‌సైట్‌లో మీ వివరాలు కొడితే మీ అడ్రసుకు వర్తించే శాంపిల్ బ్యాలెట్ వస్తుంది. ప్రింట్ తీసి, ప్రతి పదవి పక్కనా అది ఫెడరల్‌దో రాష్ట్రానిదో పెన్నుతో రాసుకోండి. గన్ చట్టాలు రెండు చోట్ల తయారవుతాయి కాబట్టి ఈ గుర్తు అవసరం. దుకాణంలో కొనేటప్పుడు చేసే బ్యాక్‌గ్రౌండ్ చెక్, దేశమంతటా ఏ రకం తుపాకులు అమ్మచ్చన్నది వాషింగ్టన్ చేతిలో ఉంటాయి. పర్మిట్ లేకుండా నడుముకు పెట్టుకుని తిరగచ్చా, ప్రమాదకరంగా మారిన మనిషి దగ్గర్నుంచి కోర్టు ఆర్డరుతో తుపాకీ తీసుకోవచ్చా లాంటివి ఎక్కువగా రాష్ట్ర శాసనసభ తేలుస్తుంది. పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ వెంట ఉంచుకునే చట్టం 2021లో రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో పాసైందే. సిటీ కౌన్సిల్ అభ్యర్థిని ఈ విషయం అడిగి మీ టైమ్, ఆయన టైమ్ వృథా చేయకండి. టెక్సస్‌లో నగరాలకు సొంతంగా గన్ చట్టాలు చేసే అధికారం దాదాపు లేదు.

మనవాళ్లు ప్రెసిడెంట్ గురించి రాత్రంతా వాదిస్తారు, స్టేట్ రిప్రజెంటేటివ్ పేరు అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. మీ పిల్లల స్కూలుకు, మీరు వెళ్లే మాల్‌కు దగ్గరగా తగిలే గన్ చట్టాల్లో చాలా వాటికి ఓటేసేది ఆ రెండో మనిషే.

రెండో పని: లాబీ అంటే ఎవరో తెలుసుకోండి

అందరికీ తెలిసిన పేరు ఎన్‌ఆర్‌ఏ, అంటే నేషనల్ రైఫిల్ అసోసియేషన్. 1871లో న్యూయార్క్‌లో, సైనికులకు గురి సరిగా కుదరడం లేదని బాధపడ్డ అంతర్యుద్ధం నాటి అధికారులు పెట్టిన షూటింగ్ క్లబ్బు అది. 1977లో సిన్సినాటి సమావేశంలో కరడుగట్టిన వర్గం పాత నాయకత్వాన్ని దింపేసింది. అప్పటి నుంచే అది పూర్తిస్థాయి రాజకీయ శక్తి. ఈ మధ్య బాగా చితికింది. దాన్ని 30 ఏళ్లకు పైగా నడిపిన వేన్ లాపియర్ 2024 జనవరిలో దిగిపోయాడు, మరుసటి నెలలో న్యూయార్క్ జ్యూరీ సంస్థ డబ్బు దుర్వినియోగం చేశాడని తేల్చి 43 లక్షల డాలర్లకు పైగా తిరిగి కట్టమంది.

ఎన్‌ఆర్‌ఏ నీరసపడింది కదా అని గన్ లాబీ పని అయిపోయిందనుకోకండి. ఎన్‌ఆర్‌ఏ కూడా మెత్తబడిందని తిట్టే గన్ ఓనర్స్ ఆఫ్ అమెరికా ఉంది. తుపాకులు తయారుచేసే, అమ్మే కంపెనీల సంఘం నేషనల్ షూటింగ్ స్పోర్ట్స్ ఫౌండేషన్ ఉంది. ఈ మధ్య సంవత్సరాల్లో వాషింగ్టన్ లాబీయింగ్ మీద అది ఎన్‌ఆర్‌ఏ కంటే ఎక్కువ ఖర్చు పెడుతోంది. అవతలి వైపు న్యూయార్క్ మాజీ మేయర్ బ్లూమ్‌బర్గ్ డబ్బుతో 2014లో మొదలైన ఎవ్రీటౌన్, దానితో కలిసి పనిచేసే మామ్స్ డిమాండ్ యాక్షన్, 2011లో టూసాన్‌లో తలకు తూటా తగిలి బతికి బయటపడిన మాజీ కాంగ్రెస్ సభ్యురాలు గ్యాబీ గిఫర్డ్స్ పెట్టిన సంస్థ ఉన్నాయి. ఇవీ లాబీలే. 2018 మధ్యంతర ఎన్నికల్లో వీళ్లు పెట్టిన ఖర్చు ఎన్‌ఆర్‌ఏ ఖర్చును దాటింది. కార్డు ఏ వైపు నుంచి వచ్చినా ఒకే కళ్లతో చూడాలి.

మూడో పని: గ్రేడు చదవండి, పాత గ్రేడు కూడా

ఎన్‌ఆర్‌ఏ రాజకీయ విభాగం ఎన్నికల ముందు రాష్ట్రాలవారీగా అభ్యర్థులకు మార్కులు ఇస్తుంది. ఓటు వేయడంతో సరిపెట్టుకోకుండా వాళ్ల కోసం ముందుండి పోరాడితే ఎ ప్లస్. నమ్మకంగా వాళ్ల వైపు ఓటేస్తే ఎ. సభలో ఇంకా ఓటే వేయని కొత్త అభ్యర్థి ప్రశ్నపత్రానికి మంచి జవాబులు రాస్తే ఎక్యూ. అలా దిగుతూ, పక్కా వ్యతిరేకి అయితే ఎఫ్. ప్రశ్నపత్రం నింపనివాళ్లకు ప్రశ్నార్థకం గుర్తు. గోడ మీద పిల్లులు దొరికేది ఇక్కడే.

ఎక్యూ అంటే అర్థం, చేతల్లో ఇంకా ఏమీ లేదు, కాగితం మీద మాట మాత్రమే ఉందని. ఎండార్స్‌మెంట్ (బహిరంగ మద్దతు) వేరు, గ్రేడు వేరు. ఎన్‌ఆర్‌ఏ సాధారణంగా తమకు అనుకూలమైన సిట్టింగ్ సభ్యుణ్ణే ఎండార్స్ చేస్తుంది. అందుకని ఎండార్స్‌మెంట్ రాని పోటీదారు తుపాకులకు వ్యతిరేకి అనుకోకూడదు. ఒక్కోసారి సిట్టింగ్ కంటే కరడుగట్టినవాడే అయి ఉంటాడు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది మారిన గ్రేడు. వోట్ స్మార్ట్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో అభ్యర్థి పేరు వెతికితే రకరకాల సంఘాలు ఏ ఏడాది ఎంత రేటింగ్ ఇచ్చాయో కనిపిస్తుంది. టిమ్ వాల్జ్ మిన్నెసోటా పల్లె నియోజకవర్గం నుంచి కాంగ్రెస్‌లో ఉన్నన్నాళ్లూ ఆయనకు ఎ గ్రేడు. గవర్నర్ పదవికి రాష్ట్రమంతా తిరగాల్సి వచ్చేసరికి, లాస్ వేగస్, పార్క్‌లాండ్ కాల్పుల తర్వాత, ఎన్‌ఆర్‌ఏ ఇచ్చిన మొత్తాన్ని దానం చేసి ఎఫ్ తెచ్చుకున్నాడు. కిర్‌స్టన్ గిలిబ్రాండ్ కథా అంతే: న్యూయార్క్ రాష్ట్రం ఎగువన పల్లె ప్రాంతాలకు కాంగ్రెస్ సభ్యురాలిగా ఎ, సెనేటర్ అయ్యాక ఎఫ్. మనసు మారిందా, ఓటర్లు మారారా అన్నది మీరు తేల్చుకోవాలి. నా మటుకు నాకు, మారినవాళ్ల మీద కోపం లేదు. ఎందుకు మారారో చెప్పలేనివాళ్ల మీదే అనుమానం.

ఎవ్రీటౌన్ వైపువాళ్లు ఇచ్చే ముద్ర పేరు "గన్ సెన్స్ క్యాండిడేట్". అదీ ఒక ప్రశ్నపత్రం నింపితే వచ్చేదే. ఎక్యూకు ఎంత విలువిస్తారో దీనికీ అంతే ఇవ్వండి.

నాలుగో పని: డబ్బు చూడండి, కానీ రెండు జేబులు వేరుగా

వాట్సాప్ ఫార్వర్డులు బోల్తా కొట్టించేది ఇక్కడే. "ఫలానా సెనేటర్ ఎన్‌ఆర్‌ఏ దగ్గర కోట్లు తిన్నాడు" అని వస్తుంది. అభ్యర్థి ప్రచార ఖాతాలోకి నేరుగా వెళ్లే డబ్బుకు చట్టం పరిమితి పెట్టింది: ఒక పీఏసీ (అభ్యర్థులకు చందాలిచ్చేందుకు సంస్థలు పెట్టుకునే కమిటీ) ఒక ఫెడరల్ అభ్యర్థికి ఒక ఎన్నికకు 5,000 డాలర్ల కంటే ఇవ్వకూడదు. ప్రైమరీకి 5,000, నవంబర్‌కు 5,000. వాల్జ్‌కు అన్నేళ్లలో ఎన్‌ఆర్‌ఏ నుంచి వచ్చింది కలిపి 18,000 డాలర్లు. మన దగ్గర ఒక మోస్తరు పెళ్లి ఖర్చు కూడా కాదు.

అసలు డబ్బు రెండో జేబులో ఉంటుంది. అభ్యర్థితో సంబంధం లేకుండా, సంస్థ తనంతట తాను యాడ్లకూ కార్డులకూ పెట్టే స్వతంత్ర ఖర్చు అది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు తర్వాత దీనికి హద్దు లేదు. 2016లో ట్రంప్ కోసం ఎన్‌ఆర్‌ఏ ఇలా 3 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. మిట్ రామ్నీ పేరుతో తిరిగే 1.3 కోట్ల డాలర్ల లెక్కలో పెద్ద భాగం కూడా ఈ రకందే, 2012 అధ్యక్ష ఎన్నికల నాటిది. ఆయన జేబులోకి వచ్చింది కాదు.

చూడడం తేలిక. ఫెడరల్ అభ్యర్థి అయితే ఎఫ్‌ఈసీ, అంటే ఫెడరల్ ఎన్నికల కమిషన్, వెబ్‌సైట్‌లో పేరు కొట్టి, స్వతంత్ర ఖర్చుల విభాగం తెరిచి, ఎవరు సమర్థిస్తూ పెట్టారు, ఎవరు వ్యతిరేకిస్తూ పెట్టారు అని రెండు వరసలు చూడండి. అది గజిబిజిగా అనిపిస్తే ఓపెన్‌సీక్రెట్స్‌లో అదే సమాచారం సులువుగా ఉంటుంది. టెక్సస్ రాష్ట్ర పదవులకైతే టెక్సస్ ఎథిక్స్ కమిషన్ రిపోర్టులు చూడాలి. ఇక్కడ శాసనసభ అభ్యర్థికి ఒక మనిషి ఎంతైనా ఇవ్వచ్చు, పరిమితి లేదు. ఎన్నికకు 30 రోజుల ముందు ఒక రిపోర్టు, 8 రోజుల ముందు ఇంకొకటి వేస్తారు. రెండోది తప్పకుండా చూడండి, చివర్లో వచ్చిన పెద్ద చెక్కులు అందులో బయటపడతాయి. ఇక టీవీ యాడ్ అయినా కార్డు అయినా, "పెయిడ్ ఫర్ బై" అన్న సన్నక్షరాలు చదవకుండా వదలకండి. గన్ లాబీ డబ్బుతో వచ్చిన యాడ్‌లో గన్ అన్న మాటే ఉండకపోవచ్చు.

ఐదో పని: ఎలా ఓటేశారు, అసలు ఓటు దాకా రానిచ్చారా

ఫెడరల్ ఓట్లు కాంగ్రెస్ డాట్ గవ్‌లో దొరుకుతాయి. రెండు ఓట్లు గుర్తుపెట్టుకుంటే చాలు, సిట్టింగ్ సభ్యుల్లో చాలామంది లెక్క తెలిసిపోతుంది. 2012 డిసెంబర్‌లో సాండీ హుక్ స్కూల్లో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయాక, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు పెంచే మాంచిన్-టూమీ సవరణ 2013 ఏప్రిల్‌లో సెనేట్‌కు వచ్చింది. అనుకూలం 54, వ్యతిరేకం 46. కావాల్సింది 60, అందుకని పోయింది. 2022లో టెక్సస్‌లోని యువాల్డే స్కూల్లో కాల్పుల తర్వాత వచ్చిన బైపార్టిజన్ సేఫర్ కమ్యూనిటీస్ చట్టం సెనేట్‌లో 65-33తో గెలిచింది, 15 మంది రిపబ్లికన్లు కలిశారు. వాళ్ల తరఫున బేరం కుదిర్చిన టెక్సస్ సెనేటర్ జాన్ కార్నిన్‌ను ఆ జూన్‌లోనే సొంత పార్టీ రాష్ట్ర మహాసభ హేళనగా అరిచి గోల చేసింది.

రాష్ట్ర స్థాయిలో చిక్కు వేరు. 2023 మే 6న, శనివారం, ఆలెన్ ఔట్‌లెట్ మాల్‌లో ఒకడు కాల్పులు జరిపి ఎనిమిది మందిని చంపాడు. అందులో హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న మన తెలుగు అమ్మాయి ఒకరు. ఆ మాల్‌కు వెళ్లని తెలుగు కుటుంబం ఈ చుట్టుపక్కల లేదు. సోమవారం ఆస్టిన్‌లో, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసును 18 నుంచి 21కి పెంచే హెచ్‌బీ 2744 బిల్లు కమిటీలో 8-5తో నెగ్గింది. ఇద్దరు రిపబ్లికన్లు అనుకూలంగా వేశారు. యువాల్డేలో పిల్లల్ని కోల్పోయిన తల్లిదండ్రులు గట్టిగా ఏడ్చారు.

ఆ తర్వాత ఆ బిల్లు సభ ముందుకు రాలేదు. గడువులోగా క్యాలెండర్‌లో, అంటే సభలో చర్చకు తీసుకునే బిల్లుల జాబితాలో, పెట్టలేదు, అంతే. పాము చావలేదు, కర్ర విరగలేదు. 150 మంది సభ్యుల్లో 13 మంది తప్ప ఎవరూ అవునని గానీ కాదని గానీ చెప్పాల్సిన అవసరం రాలేదు. అందుకే "మా ఎమ్మెల్యే ఎలా ఓటేశాడు" అని వెతికితే ఖాళీ కనిపిస్తుంది. బిల్లు నంబరు పట్టుకుని టెక్సస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్‌లో చరిత్ర తెరిచి, ఎక్కడ ఆగిందో, ఆ కమిటీలో ఎవరున్నారో చూడండి. ఆ చోటే మీరు ప్రశ్న అడగాల్సిన చోటు.

ఆరో పని: ప్రైమరీ వైపు చూడండి, లాబీ బలం అక్కడే

సర్వే ఏది చూసినా, ప్రతి అమ్మకానికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండాలనేవాళ్లు పదిమందిలో ఎనిమిది మందికి పైనే. మరి అభ్యర్థులు ఎందుకు భయపడతారు? ఆ ఎనిమిది మందిలో చాలామంది ప్రైమరీకి రారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు వాన వచ్చినా వస్తారు, ఆ ఒక్క విషయం మీదే వేస్తారు. 2024 మార్చిలో టెక్సస్ ప్రైమరీల్లో రెండు పార్టీలూ కలిపి ఓటేసింది రిజిస్టరైన ఓటర్లలో ఐదో వంతు కంటే తక్కువ. నియోజకవర్గాలు చాలావరకు ఒకే పార్టీకి రాసిచ్చినట్టు ఉంటాయి, కాబట్టి గెలుపు మార్చిలోనే తేలిపోతుంది. గన్ లాబీ అభ్యర్థికి ఇచ్చే అసలు కానుక చెక్కు కాదు, ఈ ఓటర్ల జాబితా. చూపించే భయం కూడా వీళ్లదే.

టెనెసీలో డెబ్రా మాగర్ట్ రాష్ట్ర రిపబ్లికన్ నాయకురాలు, స్వయంగా గన్ ఓనర్. ఆఫీసు పార్కింగ్ లాట్ కార్లలో తుపాకులు ఉంచుకునే బిల్లు ముందుకు పోలేదని 2012 ప్రైమరీలో ఎన్‌ఆర్‌ఏ ఆమె మీద డబ్బు కుమ్మరించింది. ఓడిపోయారు. మిగతా సభ్యులకు ఆ పాఠం చాలు. న్యూయార్క్‌లో బఫలో కాల్పుల తర్వాత, 2022లో, అసాల్ట్ రైఫిళ్ల నిషేధానికి సరేనన్న రిపబ్లికన్ క్రిస్ జాకబ్స్ వారం తిరిగేసరికి పోటీ నుంచి తప్పుకున్నాడు. అప్పట్లో యువాల్డే ఉన్న నియోజకవర్గం సభ్యుడైన టోనీ గొంజాలెజ్‌ను 2022 చట్టానికి ఓటేసినందుకు, ఇంకా కొన్ని కారణాలకు, రాష్ట్ర పార్టీ అభిశంసించింది. 2024 రన్ఆఫ్‌లో (ప్రైమరీలో ఎవరికీ సగం దాటకపోతే జరిగే రెండో విడతలో) తుపాకుల యూట్యూబర్ బ్రాండన్ హెరెరా మీద సుమారు 400 ఓట్లతో బయటపడ్డాడు. శాన్ ఆంటోనియో నుంచి ఎల్ పాసో దగ్గరి దాకా పరుచుకున్న నియోజకవర్గంలో మొత్తం పోలైనవి 30 వేల లోపు. మన ఉగాది ఫంక్షన్లు రెండు కలిపితే 400 ఓట్లు తేలవూ?

ఆలెన్ తర్వాత ఆ కమిటీలో అనుకూలంగా వేసిన ఇద్దరు రిపబ్లికన్లలో ఒకరు, రాక్‌వాల్‌కు చెందిన జస్టిన్ హోలాండ్, అదే రోజు రన్ఆఫ్‌లో ఓడిపోయాడు. గన్ ఓటు ఒక్కటే ఓడించిందనకండి. అటార్నీ జనరల్ పాక్స్‌టన్ అభిశంసన, స్కూల్ వౌచర్లు (ప్రైవేటు స్కూలు ఫీజులకు ప్రభుత్వ డబ్బు) కూడా ఆయన మెడకు చుట్టుకున్నాయి. 1994లో అసాల్ట్ వెపన్స్ నిషేధం పాసయ్యాక కాంగ్రెస్ దిగువ సభ స్పీకర్ టామ్ ఫోలీ ఓడిపోయినప్పుడూ అంతే: సిట్టింగ్ స్పీకర్ ఓడడం 1862 తర్వాత అదే మొదటిసారి, ఘనత ఎన్‌ఆర్‌ఏ తీసుకుంది. కానీ టర్మ్ లిమిట్స్ మీద కోర్టుకెళ్లాడన్న కోపం కూడా సొంత జిల్లాలో గట్టిగానే ఉండింది. లాబీలు గెలుపును తమ ఖాతాలో రాసుకోవడంలో సిద్ధహస్తులు. భయం పెరిగేది అలాగే.

గాలి అటు నుంచి కూడా వీస్తుంది. ఎన్‌ఆర్‌ఏ కేంద్ర కార్యాలయం ఉన్నది వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్‌లో. 2019లో వర్జీనియా బీచ్‌లో 12 మంది చనిపోయాక గవర్నర్ ప్రత్యేక సమావేశం పిలిస్తే, రిపబ్లికన్లు గంటన్నరలో వాయిదా వేసి వెళ్లిపోయారు. ఎవ్రీటౌన్ ఆ నవంబర్ ఎన్నికల్లో ఎన్‌ఆర్‌ఏ కంటే కొన్ని రెట్లు ఖర్చు పెట్టింది, డెమొక్రాట్లు రెండు సభలూ గెలిచారు. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ రాష్ట్ర సెనేట్‌కు గెలిచింది ఆ ఎన్నికల్లోనే. కొడుకును తూటాకు పోగొట్టుకున్న లూసీ మెక్‌బాత్ 2018లో అట్లాంటా శివార్లలో కాంగ్రెస్ సీటు గెలిచింది కూడా ఆ పక్క లాబీ అండతోనే. జాన్స్ క్రీక్‌లో ఉన్న మా కజిన్‌కు ఆ ఏడాది ఎన్ని కార్డులు వచ్చాయంటే, పిల్లలు వాటితో ప్రాజెక్టు చేసుకున్నారు.

ఏడో పని: ఒకే ఒక్క ప్రశ్న, ముక్కుసూటిగా

"గన్స్ మీద మీ అభిప్రాయం ఏమిటి" అని అడిగితే రాజ్యాంగ రెండో సవరణ మీద రెండు నిమిషాల ఉపన్యాసం వస్తుంది. బిల్లు నంబరుతో అడగండి: "హెచ్‌బీ 2744 లాంటిది సభకు వస్తే అవునంటారా, కాదంటారా? క్యాలెండర్‌లో పెట్టమని అడుగుతారా?" మీరు గన్ ఓనర్ అయితే మీ ప్రశ్న తిరగేసి అడగండి, పద్ధతి అదే. జవాబు ఈమెయిల్‌లో వస్తే దాచుకోండి. నాకు ఒక అభ్యర్థి ఆఫీసు నుంచి మూడు వారాల తర్వాత వచ్చిన జవాబులో నా ప్రశ్నే లేదు, చందా లింకు మాత్రం ఉంది. అదీ ఒక జవాబే.

పోలింగ్ రోజు

టెక్సస్‌లో పోలింగ్ గదికి 100 అడుగుల లోపల ఫోన్ వాడకూడదు, కాబట్టి మీ లెక్కలన్నీ కాగితం మీద రాసుకెళ్లండి, దానికి అభ్యంతరం లేదు. ఫోటో ఐడీ వెంట తీసుకెళ్లండి. హ్యాండ్‌గన్ లైసెన్స్ చూపించి ఓటేయచ్చు, యూనివర్సిటీ స్టూడెంట్ ఐడీ చెల్లదు. గన్ లాబీ గురించి ఇంత రాశాక ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక్కడ పార్టీ రిజిస్ట్రేషన్ లేదు, ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే చెబుతారు. మీ ఏరియాలో పోటీ ఏ ప్రైమరీలో ఉందో ఆ బ్యాలెట్ తీసుకోవడం తప్పేమీ కాదు. మార్చిలో ఎవరికీ సగం దాటకపోతే మే చివర్లో రన్ఆఫ్ ఉంటుంది. మార్చిలో తీసుకున్న పార్టీదే మేలోనూ తీసుకోవాలి, మార్చిలో వేయనివాళ్లు మాత్రం ఏదైనా ఎంచుకోవచ్చు. రన్ఆఫ్ ఒక్కోసారి మెమోరియల్ డే మరుసటి రోజే పడుతుంది. అప్పటికి స్కూళ్లు మూసేసి మనవాళ్లలో సగం మంది ఇండియా విమానంలో ఉంటారు. ముందస్తు ఓటింగ్ రోజుల్లో కూడా కౌంటీలో ఉండకపోతే పోస్టల్ బ్యాలెట్ అడగచ్చు, దరఖాస్తు ఎన్నికకు 11 రోజుల ముందే కౌంటీ ఆఫీసుకు చేరాలి. టికెట్లు బుక్ చేసేటప్పుడే ఆ ఫారం కూడా ప్రింట్ తీయండి.